ఆరింటి పాట

"నాతో వేళాకోళమా అమ్మా?" అన్నాడు లిఫ్టు మెకానిక్. మెట్లు దిగి వీధిలోకి పోబోతున్నవాడల్లా ఆగిపోయాడు.

కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ తెల్లబోయింది. ఆవిడ కాని మాటేమీ అనలేదు. పై వాటాలో వదినగారి పాట, అంటే అతని భార్య పాట, రోజూ వింటున్నానని, ఆరయ్యేసరికి మిషను ఆపేసి మరీ కూర్చుంటున్నానని మాత్రమే అంది.

"మీ వదినకి మాట పడిపోయి నాలుగు నెలలైంది. నీళ్లు కావాలన్నా చేత్తో చూపిస్తుంది. పాటంటావేంటి?"

"ఆ సంగతి నాకు తెలీదా అన్నయ్యా? మీరిలా వెళ్తారు, ఆవిడ అలా మొదలుపెడుతుంది. మీకు తెలుసనుకున్నా."

అతనికి తెలీదు. ఆరింటికి అతను ఇంట్లో ఉంటే కదా.

ఇదివరకు ఉండేవాడు. పెళ్లైన నాటి నుంచి ఆ వేళకి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దేవుడి పాట ఒకటి పాడుకునేవారు. పాటయ్యాక అతను తనకి తోచిన మాటలతో ప్రార్థన చేసేవాడు. బస్టాండు మైకులో పొద్దంతా బస్సుల పేర్లు చెప్పి చెప్పి వచ్చినా, పాటకి మాత్రం ఆమె గొంతు బొంగురు పోయేది కాదు. ఆ గొంతునే పక్షవాతం పట్టుకుపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆమె పాటల పుస్తకం కోసం చేయి చాపితే, అతను దాన్ని అటక మీదకి విసిరేశాడు. ఇక ఈ ఇంట్లో ఆ దేవుడితో మాటల్లేవన్నాడు. మర్నాటి నుంచి మందుల షాపుకని చెప్పి, బస్సు షెల్టర్లో ఏ బస్సూ ఎక్కకుండా ముప్పావుగంట కూర్చుని వస్తున్నాడు. వెళ్లబోయేటప్పుడు ఆమె బాగున్న చేత్తో చొక్కా అంచు పట్టుకునేది. ఒక్కో వేలూ విడదీసుకుని వెళ్లిపోయేవాడు.

ఇవాళా అలాగే వచ్చేశాడు.

చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా పైకెక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు.

లోపల పాట మొదలైంది.

"అలిసి వచ్చాను, తలుపు తియ్యి తండ్రీ..."

గొంతు సన్నబడింది, అక్కడక్కడా తడబడుతోంది. కానీ ప్రతి మాటా వినిపిస్తోంది.

మాట రానివాళ్లకి ఒక్కోసారి పాట వస్తుందని, పక్కన కూర్చుని తెలిసిన పాటలు పాడించమని ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు అతను తలూపి వచ్చేశాడు. వాళ్లకి తెలిసినవన్నీ దేవుడి పాటలే. దేవుడి మీద కోపంతో పెళ్లాం నోరు తనే నొక్కేశానని ఇప్పుడు తెలిసొచ్చింది. చెవులు కాలిపోతున్నట్టయింది. కుట్టుపని ఆవిడ మెట్ల కింద నుంచి చూస్తూనే ఉంది. ఆవిడ వైపు తల తిప్పి చూడలేకపోయాడు.

తలుపు తోశాడు.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న ఆమె, దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లలా చప్పున ఆపేసింది. ఏదో చెప్పబోయింది. "బ... బ..." తప్ప ఇంకేం రాలేదు. భయపడుతూ అతని మొహంలోకి చూసింది. తన ఇంట్లో దేవుణ్ణి తలుచుకోవడానికి నన్ను చూసి భయపడాల్సి వచ్చింది దానికి, అనుకున్నాడు. అంతకంటే ఏం కావాలి సిగ్గుతో చచ్చిపోవడానికి?

గ్రీజు మరకల చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు. ఆమె ఆపిన చోటు నుంచి అందుకున్నాడు. మొదటి చరణం ఒక్కడే పాడాడు. రెండో చరణానికి ఆమె కలిసింది. మూడోదానికి వచ్చేసరికి ఏ దేవుడి కోసం పాడుతున్నాడో అతనికి గుర్తొచ్చింది. కోపం ఎటు పోయిందో తెలీదు. ఇంత కోపంగా ఉన్నన్నాళ్లూ ఆయన్నే తలుచుకుంటూ గడిపాననీ, ఆయన మీద బెంగ పెట్టుకున్నాననీ అర్థమై ఏడుపొచ్చింది.

పాట అయిపోయింది. ఇక ప్రార్థన. అది ఎప్పుడూ అతని వంతే. తలొంచుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని మొదలుపెట్టాలో తెలీలేదు. ఎంత ప్రయత్నించినా నోరు పెగల్లేదు.

ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. అదే రాగంలో, అతను లేనప్పుడు రోజూ అడిగి అడిగి అలవాటైపోయిన మాటల్ని ఒక్కొక్కటే పేర్చుకుంటూ పాడింది.

"ఈయనకి... మాట... రానివ్వు... తండ్రీ..."