గరగరలాడే ఫ్యాను

“ఇంత చలిలో ఫ్యానెందుకండీ? ఆపండి.”

“ఉండనీవే. చలేస్తే శాలువా కప్పుకో.”

“శాలువా కప్పుకుని ఫ్యాను వేసుకునే ఇల్లు మనదొక్కటే. అటక మీద హాయిగా పడున్నదాన్ని దింపారు. దాని గరగర ఒకటి. కాస్త నూనైనా వెయ్యకూడదూ?”

“నూనె వేస్తే మోత పోతుంది,” అన్నాడాయన, అదేదో పెద్ద నష్టమైనట్టు.

ఆమె విసురుగా వెళ్ళి స్విచ్చి నొక్కేసింది. ఇల్లు ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ వెంటనే లోపలి గదిలో ఏదో దబ్బున పడింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ పోట్లాట మరిచి పరుగెత్తారు.

కూతురు పిచ్చుక మంచం పక్కన నేల మీద కూర్చుని, అరచేతులతో చెవులు నొక్కుకుంటోంది. విసిరేసిన పుస్తకం గోడవార పడి ఉంది.

ఆ గది తలుపుకి లోపలి గడియ లేదు. ‘చెవిలో ఈ మోతతో బతకడం నా వల్ల కాదమ్మా’ అని ఆ పిల్ల అన్న రోజునే తండ్రి స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి, “తుప్పు పట్టింది, మార్చాలి” అంటూ దాన్ని ఊడదీశాడు. తర్వాత పనిముట్ల పెట్టెలో ఆ గడియ తళతళా మెరుస్తూ తల్లి కంటపడింది. ఆమె ఏమీ అనకుండా పెట్టె మూసేసింది.

ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం తీస్తూ తిరుగుతుందని తండ్రి పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. ఆయన మెషిన్ నడిపి రిటైరైన ప్రింటింగ్ ప్రెస్సులోనే ఆమె కూడా చేరింది. మెషిన్ దగ్గర చెవులకి పెట్టుకోవడానికి మూతలిస్తారు. పిచ్చుక వాటి కింద ఇయర్‌ఫోన్లు దూర్చుకుని, ఆ హోరుని మించి పాట వినిపించేదాకా సౌండు పెంచేది. ఒక సాయంత్రం మెషిన్ ఆగింది, పాట ఆగింది, చెవిలో మోత మాత్రం ఆగలేదు.

చెవి డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, దీన్ని పోగొట్టే మందు లేదనీ, మెల్లగా అలవాటు పడాలనీ చెప్పాడు. మూతలు సరిగ్గా పెట్టుకుంటే పనికి వెళ్ళొచ్చన్నాడు. ‘మందు లేదు’ అన్న చోటే పిచ్చుక వినడం ఆపేసింది. రిపోర్టు మరిచిపోయి వచ్చామంటూ తండ్రి మర్నాడు మళ్ళీ ఒక్కడే వెళ్ళొచ్చాడు.

“తప్పంతా నాదే,” అంది పిచ్చుక నేల వైపు చూస్తూ. “నువ్వు చెప్పావు, అమ్మ చెప్పింది, సూపర్‌వైజర్ చెప్పాడు. ఒక్కరి మాటా విన్లేదు. నా చెవులు నేనే తగలేసుకున్నాను. ఇప్పుడెవర్ని తిట్టుకోను?”

సోమవారానికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ప్రెస్సు నుంచి కబురొచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, పిల్ల దక్కితే చాలుననుకుంటోంది తల్లి.

తండ్రి వెళ్ళి ఫ్యాను వేసి వచ్చి కూతురి పక్కన చతికిలబడ్డాడు.

“ఎలా ఉంటుందమ్మా నీకు?”

“సన్నగా ఈల వేసినట్టు. ఆగదు.”

“రెండు చెవుల్లోనా?”

“ఎడమ దాంట్లో ఎక్కువ.”

ఆయన తన ఎడమ చెవి తడుముకున్నాడు. “నాకూ అంతే. ఎడమదే.”

పిచ్చుక తలెత్తింది. “నీకా?”

“మా రోజుల్లో మూతలెక్కడివి? దూది పెట్టుకోమనేవాళ్ళు. అది నాకు నామోషీ. పెళ్ళికి ముందు నుంచీ మోగుతోంది. నేనూ నన్ను బోలెడు తిట్టుకున్నాను. తిడితే తగ్గేదైతే ఈపాటికి ఊరొదిలి పారిపోయేది.”

“మరెప్పుడూ చెప్పలేదేం?”

“మీ అమ్మకి చెబితే చెవిలో మోతకి తోడు బయట మోత కూడానూ.”

పిచ్చుక పెదవి చివర కొంచెం కదిలింది.

“నిశ్శబ్దంలో మాత్రం కూర్చోకు. పక్కన ఏదో చిన్న చప్పుడు ఉండాలి. నాకు ఇన్నాళ్ళూ ప్రెస్సు హోరుండేది. ఇప్పుడది లేదని ఈ ఫ్యాను దింపుకున్నాను.”

తల్లి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిలిస్తే పలకనప్పుడల్లా ‘చెవుడొచ్చిందా’ అని ఈయన్ని ఎన్నిసార్లు దులిపేసిందో. తలగడ మీద తల ఆనగానే గురక పెట్టే మనిషి, లోపల ఇంత పెట్టుకుని తిరిగాడా? ఆ రోజు నుంచీ ఫ్యాను ఊసెత్తలేదు సరికదా, సాయంత్రమయ్యేసరికి తనే వేసేది.

దాని ముందు తండ్రీ కూతుళ్ళు కూర్చునేవారు.

“ఇవాళ నీకెలా ఉంది నాన్నా?”

“ముందు నీది చెప్పు.”

ఆమె చెప్పేది. “అచ్చం నాదీ అంతే,” అనేవాడు.

ఆదివారం రాత్రి భోజనానికి పిచ్చుక పిలవకుండానే వచ్చి పీట వాల్చుకుంది. తల్లి గబగబా వడ్డించింది. సగం తిన్నాక పిచ్చుక చెయ్యి ఆపింది.

“రేపట్నుంచి పనిలోకి వెళ్తున్నాను. మూతలే, పాటల్లేవు.” మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకుంది. “నాన్న ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది నేను నెట్టుకురాలేనా?”

తండ్రి కంచంలోంచి తల ఎత్తలేదు. కలిపిన అన్నమే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు.

పిచ్చుక చెయ్యి కడుక్కుని, రేపటి బట్టలు తీసుకోవడానికి లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఆ గదిలోంచి సన్నగా కూనిరాగం వినిపించింది. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“నాతోనైనా చెప్పాల్సింది కదండీ. ఇన్నేళ్ళూ అనవసరంగా నోరు పారేసుకున్నాను.”

ఆయన గది వైపు ఒకసారి చూసి, ఎడమ చేత్తో ఫ్యానుని దగ్గరికి లాక్కుని, ఆ గరగరలో మాట లోపలికి పోకుండా ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“ఇంతకీ, చెవిలో మోత అంటే ఎలా ఉంటుందంటావే?”