ఆరని పొయ్యి

పొద్దున తీగ మీద నుంచి తెల్ల చున్నీ తీస్తే, దాని నిండా నల్లటి నుసి. రుద్దితే మరకవుతుందని ఊదేసి, కప్పుకుని, తెనాలి నుంచి పులిహోర పొట్లాల వ్యానులో భట్టిప్రోలు వెళ్ళాను.

ఇళ్ళు మునిగినవాళ్ళంతా బడిలో ఉన్నారు. వాళ్ళలో రంగమ్మగారని ఒక పెద్దావిడ పొట్లం అందుకుంటూ అడిగారు.

"చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మాయ్. నెల్లాళ్ళు చినుకు లేదు. మొన్న ఒక్క పూటలో నా ఎకరం నాటు మునిగిపోయింది. ఇదేం వాన?"

నేను చదివింది చెప్పాను. "గాలిలో పొగ నుసి ఎక్కువైతే, మబ్బులో నీళ్ళు మరీ సన్న చుక్కలైపోతాయటండి. అవి రాలలేవు. మబ్బు పెరిగి పెరిగి ఒక్కసారే కుమ్మరిస్తుందట, ఒక్కోసారి."

"ఒక్క పొట్లం వందమందికి పంచినట్టు. ఎవరికీ కడుపు నిండదు!" అని నవ్వారు. అంతలోనే నవ్వు ఆగింది. "మళ్ళీ నాటడానికి నా దగ్గర నారు లేదు. ఎవరిదమ్మా ఆ పొగ?"

"బస్సులదండి. లారీలది. మిల్లులది." చివరి మాట నాకే వినపడలేదు.

ఆవిడ పొట్లం విప్పి ఆబగా తిన్నారు. ఇంట్లో పొయ్యి మునిగి రెండు రోజులైందట.

"ఇవి ఎవరు పంపారు?"

"తెనాలిలో ఒక రైసుమిల్లు వాళ్ళండి."

రంగమ్మగారు ఎంగిలి చెయ్యే పైకెత్తారు. "వాళ్ళ పొయ్యి ఎన్నడూ ఆరకూడదు తల్లీ!"

ఎస్టీడీ బూత్ నుంచి నాన్నకు ఫోన్ చేసి, ఆ దీవెన ఒక్కటే చెప్పాను. చాలా సంతోషించారు.

శుక్రవారం మా మిల్లులో రెండో బాయిలరు వెలిగిస్తున్నారు.