ఒక్క క్లిప్పు

“మొత్తం తీసెయ్యండి అన్నయ్యా. ఇంజనూ, డీజిల్ ట్యాంకూ, ఆ పొగగొట్టమూ. పాతది ఒక్క నట్టు కూడా నా కంటికి కనబడకూడదు.”

ఆమె రేవు గట్టు మీదే నిలబడి చెప్పింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ పడవ కేబిన్‌లో కాలు పెట్టలేదు. పాపం, తట్టుకోలేకపోతోంది అనుకున్నాడు మెకానిక్.

ఈ పనికి ఆమె కబురు పంపినప్పుడు అతను రానని చెప్పేద్దామనుకున్నాడు. తరవాత ఆలోచించుకుంటే తనని పిలవడమే మేలనిపించింది. ఇంకెవడైనా ఆ పొగగొట్టం మీద చెయ్యి వేస్తే చూడకూడనిది చూస్తాడు.

అది పాత తెరచాప పడవ. గాలి పడిపోయినప్పుడు నడపడానికి కేబిన్ మెట్ల కింద చిన్న డీజిల్ ఇంజన్ ఉంది. దాని పొగ రబ్బరు గొట్టంలోంచి పడవ వెనక్కి పోవాలి. ఆ గొట్టం ఊడింది. బ్యాటరీ ఎక్కుతుందని ఇంజన్ ఆన్‌లో ఉంచి, కేబిన్‌లో తాగి పడుకున్న ఆమె మొగుడు ఆ పొగకి మళ్ళీ లేవలేదు. “పాత పడవ, ఏం చేస్తాం” అనేసి పోలీసులు వెళ్ళిపోయారు.

పడవ పాతదే. గొట్టం మాత్రం కొత్తది. ఆ చావుకి కాస్త ముందే మెకానిక్ దాన్ని మార్చాడు. గొట్టం చివర ఎప్పుడూ రెండు ఇనుప క్లిప్పులు చుట్టి స్క్రూతో బిగిస్తారు, ఒకటి జారినా ఇంకొకటి పట్టుకుంటుందని. ఆ రోజు సంచిలో సరిపడేది ఒక్కటే ఉంది. “రేపొచ్చి రెండోది వేస్తాను” అన్నాడు. ఆ రేపు ఇంకో పనిలో పడి కొట్టుకుపోయింది.

చైన్ కప్పీ కట్టి ఇంజన్ని పైకి లాగాడు. ట్యాంకు విప్పితే అడుగున నల్లటి జిగురు, తుప్పు. గొట్టం దగ్గరికొచ్చాడు. వదులుగా వేలాడుతున్న క్లిప్పుని చూడకుండానే తీసి నీళ్ళలోకి విసిరాడు. గొట్టాన్ని ముక్కలుగా కోసి, మిగతా తుక్కుతో పాటు ఇనుప కొట్టువాడి కొలిమికి తోలేశాడు.

“ఆ తలుపు గడియ కూడా పీకెయ్యండి” అంది ఆమె గట్టు మీంచి.

కేబిన్ తలుపుకి బయటివైపు జానెడు గడియ ఉంది. “దొంగల భయానికి పెట్టించారా అమ్మా?”

“ఆయనే పెట్టారు.”

తలుపు లోపలివైపు రంగంతా గోళ్ళ గీతలు పడివుంది. “పిల్లినేమన్నా పెంచారా?”

“పిల్లి లాంటిదే” అంది, మొహం తిప్పుకుని.

కొత్త ఇంజన్ పాతదానికన్నా పొట్టిది. కింద దిమ్మలు మార్చాల్సి వచ్చింది. సముద్రపు నీళ్ళు వెనక్కి తన్నకుండా కొత్త గొట్టం పైకి లేచి వంగి దిగేలా అమరుస్తుంటే గట్టు మీద చెప్పుల చప్పుడు వినిపించింది. పోయినాయన అన్నగారు. వెనకాల చేతిసంచితో ఇంకో మనిషి.

“ఏమమ్మా, మనిషి పోయి ఎన్నాళ్ళయిందని పడవకి సింగారాలు?”

“బాగు చేయించుకుంటున్నాను బావగారూ.”

“పాత గొట్టం ఏది? ఎవడో దాన్ని కెలికి వెళ్ళాడని మావాడు పోయే ముందు ఫోన్లో చెప్పాడు. ఈయన ఇంజన్ల సంగతి తెలిసినవారు, చూసి తప్పెక్కడో చెబుతారు. ఆ చేతకాని వెధవెవడో తేల్చి జైల్లో తోయిస్తాను.”

మెకానిక్ చేతిలోంచి స్పానర్ జారి పడింది.

“కొలిమికి పంపేశాను” అంది ఆమె. “ఆయన్ని మింగినదాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చోమంటారా?”

“నన్నడక్కుండానా?”

“పడవ నా పేరున ఉంది.”

అన్నగారు తేరిపార చూశాడు. “గొంతు బాగానే లేచిందే! వాడుండగా నువ్వు దగ్గడం కూడా వినలేదు నేను.”

“ఇప్పుడు విన్నారుగా.”

సంచీ మనిషి చేసేదేం లేక దిక్కులు చూశాడు. ఇద్దరూ గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. తన తప్పుని తెలియకుండానే ఆమె కప్పేసిందనుకున్నాడు మెకానిక్.

పని ముగిసింది. ఇంజన్ మెత్తగా అందుకుంది. మెకానిక్ ప్రతి అతుకు చుట్టూ అరచెయ్యి తిప్పి చూశాడు. ఎక్కడా వేడిగాలి తగల్లేదు. అప్పుడు మొదటిసారి ఆమె కేబిన్‌లోకి దిగింది. వంగి గొట్టం చివర చూసింది.

“రెండు వేశారే” అంది.

అతను చేతిలోని గుడ్డ పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు.

“అమ్మా, అప్పుడు ఒకటే వేశాను. రెండోది మర్చిపోయాను. అది జారింది. ఆయన్ని చంపింది నేనే.”

ఆమె కొత్త క్లిప్పుల్ని వేలితో తడిమింది.

“పాతదంతా కొలిమిలో వేస్తే తీరిపోతుందనుకున్నాను. తీరలేదు. మా అమ్మాయి అన్నం వడ్డిస్తుంటే దాని మొహం చూడలేకపోతున్నాను. ఇప్పుడే మీ బావగారి దగ్గరికెళ్ళి చెప్పేస్తాను. జైలైతే జైలు.”

లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. ఆమె చెయ్యి చాపి ఇంజన్ ఆపేసింది.

“వెళ్ళకండి అన్నయ్యా. మీరు వేసిన ఆ ఒక్కటీ జారలేదు.”

“మీకెలా తెలుసమ్మా?”

ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది.

“విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.”