శవం ముందు పాఠం

"చీకటి పడకముందే తగలబెట్టేద్దాం ఆచాన్," అన్నాడు ఊరిపెద్ద ఖంఫెట్. "ఏ ఎగువూరి మనిషో, మెకాంగ్ నదిలో కొట్టుకొచ్చింది. మనకెందుకు ఈ తద్దినం?"

విహారం రేవులో చాప మీద ఆడమనిషి శవం. ముఖాన్ని చేపలు మిగల్చలేదు. ఒంటి మీద బట్ట లేకపోతే ఖంఫెటే దుప్పటి తెచ్చి కప్పాడు. జనం ముక్కులు మూసుకుని దూరంగా నిలబడ్డారు. చితి పెట్టేటప్పుడు పేరు చెప్పి, నీళ్లు వదులుతూ పుణ్యం ధారపోయాలి. పేరే తెలియకపోతే ఆ నీళ్లు ఎవరికి చేరతాయి? పాపం, ఏ తల్లి కన్న బిడ్డో.

"ముందు చూడనివ్వవయ్యా," అంటూ ముసలి గురువు ఆచాన్ ఫుమీ శవం పక్కన చతికిలబడ్డాడు. శిష్యులు చుట్టూ కూర్చున్నారు. శవాన్ని చూస్తూ ధ్యానం చేయడం వాళ్లకు పాఠమే.

"వన్నసక్, ఏం కనిపిస్తోంది?"

"మట్టి, నీరు, నిప్పు, గాలి," అన్నాడు కొత్త భిక్షువు కళ్లు మూసుకుని. "ఇందులో నేను లేను, నాది లేదు. అలా తెలుసుకోవడమే ప్రజ్ఞ."

"పుస్తకం బాగానే వచ్చింది. కళ్లు తెరువు నాయనా. ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తే ప్రజ్ఞ. కళ్లు మూసుకుంటే నిద్ర."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఖంఫెట్ నవ్వలేదు.

"పాఠాలు రేపు చెప్పుకోండి ఆచాన్. వానొచ్చేలా ఉంది, కట్టెలు తడిసిపోతాయి."

"ఈమె ఎవరో తెలియాలి కదా."

"మీకెలా తెలుస్తుందండీ?" ఖంఫెట్ గొంతు పెంచాడు. "భిక్షువుగా చీవరం కట్టాక ఒక్క ఆడదాని మొహమైనా తలెత్తి చూశారా? పొద్దున్నే భిక్షకొచ్చినా తల దించుకునే పోతారు!"

"నిజమే."

ఆచాన్ దుప్పటిలోంచి బయటపడ్డ కుడిచేతి వైపు చాలాసేపు చూశాడు. చూపుడువేలి గోరు ఎప్పుడో చీలి వంకరగా పెరిగింది. ప్రజ్ఞ ఉన్నవాళ్లు ఏడవరని ఎవరు చెప్పారో గానీ, ఆయన అందరి ముందూ ఏడ్చాడు. ఏడుస్తూనే తలెత్తి ఊరిపెద్ద వైపు చూశాడు.

"తల దించుకున్నవాడికి కనిపించేది పాత్రలో ముద్ద పెట్టే చెయ్యే ఖంఫెట్. ఏళ్ల తరబడి మీ గుమ్మంలో నాకు అన్నం పెట్టిన చెయ్యి ఇది. మొన్నటి నుంచి అక్కడ నీ చెయ్యి కనిపిస్తోంది."