గుమ్మం బయటి మనిషి

"లోపలికి రావచ్చుగా, మేమేమన్నా కరుస్తామా?" అంది నాయనమ్మ.

"పర్వాలేదండీ, ఇక్కడే బాగుంది," అంది సబ్బు కంపెనీ మనిషి.

మొహానికి మాస్కు. చేతిలో పేరూ ఊరూ లేని తెల్ల సీసా. చేతులు కడుక్కునే ఆ కొత్త సబ్బునీళ్లను బజారులోకి వదిలేముందు, పసిపిల్లలున్న ఇళ్లలో వాడించి చూస్తోంది కంపెనీ. వారం వారం వచ్చి ఎలా ఉందో కనుక్కోవడం ఆమె పని.

ఆమె కనుక్కునేది మాత్రం సబ్బు గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ.

"పాపను ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుంటున్నారా?"

"కడుక్కుంటున్నాం."

"అందరూనా?"

"మేమేం బురదలో పొర్లి వస్తున్నామా తల్లీ?"

"ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?"

"నువ్వు ఇచ్చేది సబ్బా, దగ్గుమందా?"

నాయనమ్మ నోటికి జడిసి పాలవాడే ప్యాకెట్లు గుమ్మంలో పడేసి పారిపోతాడు. ఈమె మాత్రం అన్నీ పడి, అడగాల్సినవన్నీ అడిగే వెళ్లేది.

ఒకరోజు కోడలికి జాలేసింది. పాపను తెచ్చి ఆమె చేతికి అందించబోయింది.

ఆమె ఎదురు గోడకు వీపు తగిలేదాకా వెనక్కి జరిగింది. చేతులు వెనక్కి దాచుకుంది.

"వద్దండీ. దయచేసి లోపలికి తీసుకెళ్లండి."

కోడలి మొహం మాడిపోయింది.

నాయనమ్మ తలుపు ధడాలున వేసింది. "చూశావా? ముద్దులు మూటగట్టే పిల్లను చూస్తే ఎవరికైనా ఎత్తుకోవాలనిపిస్తుంది. దీనికి అసహ్యం! మంచినీళ్లిచ్చినా ముట్టదు, మహారాణి!"

"పిల్లలు లేరేమో అత్తయ్యా."

"లేకపోవడమే మంచిది. రాతి గుండె."

తలుపు పల్చనిది. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ వినిపించింది.

తర్వాతి వారం ఆమె వచ్చేసరికి నాయనమ్మ చెల్లెలు వచ్చి ఉంది. సోఫాలో కూర్చుని, ఖంగుఖంగున దగ్గుతూ, పాపను ముద్దులాడుతోంది.

"అమ్మా, ముద్దు పెట్టకండి!" గుమ్మంలోంచి అరిచినంత పని చేసింది ఆమె. "మీకు దగ్గుంది. పాపను వాళ్లమ్మకిచ్చేయండి. దండం పెడతాను."

నాయనమ్మ లేచింది. "మా ఇంట్లో మా చెల్లెల్ని అంటావా? నువ్వెవతివే? పో బయటికి!"

"బయటే ఉన్నానండీ. పాపను మాత్రం..."

"మాకు పిల్లల్ని పెంచడం నేర్పుతున్నావా?"

తలుపు మూసుకుంది. చెల్లెలు కళ్లు తుడుచుకుంది. ఆమె మనసు కష్టపెట్టకూడదని పాపను ఆ సాయంత్రమంతా ఆమె ఒళ్లోనే ఉంచారు.

నాయనమ్మ కంపెనీకి ఫోన్ చేసింది. "ఆ మనిషి మళ్లీ మా గుమ్మం తొక్కితే మీ సీసా మీ నెత్తినే పగలగొడతాను!"

తర్వాత ఓ కొత్తమ్మాయి వచ్చింది. నవ్వుతూ లోపలికొచ్చి కూర్చుంది, టీ తాగింది, పాప బుగ్గ గిల్లింది.

"మనిషంటే ఇలా ఉండాలి," అని మురిసిపోయింది నాయనమ్మ.

ఆ మురిపెం ఎక్కువ రోజులు నిలవలేదు. పాపకు దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి ఊపిరి అందక నీలిరంగుకు తిరుగుతుంటే ఆసుపత్రికి పరుగెత్తారు.

"కోరింత దగ్గు," అన్నాడు డాక్టరు. "పెద్దవాళ్లకు ఉత్త దగ్గులాగే ఉంటుంది. పసివాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?"

ఆ ప్రశ్న నాయనమ్మ ఎన్నిసార్లు విన్నదో. ఈసారి, "మా చెల్లెలికి ఉంది," అంది.

పాపను అద్దాల గదిలో పెట్టారు. గట్టెక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

బట్టల కోసం ఇంటికొచ్చిన నాయనమ్మకు గుమ్మంలో కొత్తమ్మాయి కనిపించింది.

"నువ్వు కాదమ్మా. ఆమెను పంపు. ఒక్క మాట చెప్పుకోవాలి."

"ఆమెను తీసేశారండీ. మీ ఫోన్ తర్వాతే. ఎక్కడుందో ఎవరికీ తెలీదు."

"ఆమెకు పిల్లలున్నారా?"

"ఒక పాప ఉండేదండీ. ఇదే దగ్గుతో పోయింది."

"అయ్యో! ఏ పాపిష్టిది అంటించిందమ్మా?"

కొత్తమ్మాయి తల దించుకుంది.

"ఉత్త జలుబే కదా అని ముద్దు పెట్టుకుందటండీ, ఆమే."