ఎత్తెక్కితే ఆగిపోయే బండి

"ఈ బండి నా సెడ్డులోకి రానివ్వను. ఎనక్కి తిప్పు."

సోంబరు స్పానరు పట్టుకుని రోడ్డు మీదికే వచ్చేశాడు. బండి నిండా పూల బొమ్మలు. లోపల మంచం, పొయ్యి, సింకు, తల దువ్వుకోవడానికి నిలువుటద్దం. విశాఖపట్నం ఆసామి మోహన్‌కృష్ణ టూరిస్టుల కోసం చేయించిన ఇల్లులాంటి బండి అది. అరకు, లంబసింగి తిప్పుతాడు. రంగులు ఎన్ని పూసినా సోంబరు దాన్ని గుర్తుపట్టాడు. నాలుగేళ్ల కిందట అది ఒక ట్రస్టు వాళ్ల అంబులెన్సు. స్టీరింగు ముందున్నవాడూ అప్పటి డ్రైవరే, అప్పారావు.

ఆ అంబులెన్సులోనే సోంబరు భార్య కనక నొప్పులతో తమ ఊరు పాలమామిడి నుంచి అరకు ఆసుపత్రికి బయల్దేరింది. ఘాట్‌లో బండి మూడుసార్లు ఆగింది. మూడోసారి కదిలేసరికి తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

అప్పారావు డీజిలు అమ్ముకుని కిరసనాయిలు కలిపాడని సోంబరు ఊరంతా చెప్పాడు. ట్రస్టు పెద్దలొచ్చి అడిగితే వాళ్ల ముందూ అదే చెప్పాడు. అప్పారావు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఉద్యోగం ఊడింది. పాలమామిడిలో అతనికి గుక్కెడు నీళ్లు పోసిన ఇల్లు లేదు. తర్వాత ట్రస్టు ఆ బండిని వేలంలో వదిలించుకుంది. దాని రోగం తెలిసినవాడు కదా అని మోహన్‌కృష్ణ బండితోపాటు అప్పారావునూ తెచ్చుకున్నాడు.

"బాగుసెయ్యమని రానేదు సోంబరూ." అప్పారావు దిగి దండం పెట్టాడు. "ఆ దినం ఏటి జరిగిందో తేల్సు, సాలు. ఫిల్టర్లు మార్సినారు, పంపు ఇప్పినారు. విశాపట్నంలో బాగానే నడుస్తాది. ఘాటెక్కితే సచ్చిపోతాది."

"తేలినాక?"

"నా తప్పయితే నీ కాళ్లకాడే పడుంటాను. కాకపోతే ఆ మాట మీ ఊళ్లో సెప్పు. నాలుగేళ్లయి ఈ కొండ మీద ఎవులి మొకమూ సూణ్ణేకపోతన్నాను."

సోంబరుకు ఒళ్లు మండింది. లోలోపల ఆశ కూడా పుట్టింది. అప్పారావు ఇప్పటికీ ఆ పని మాని ఉండడు; ట్యాంకులో కిరసనాయిలు జాడ దొరికితే చాలు, నాలుగేళ్ల కోపానికి సాక్ష్యం చేతికొస్తుంది.

కనక పోయాకే అతను జీపు తోలడం మాని మెకానిక్ పని నేర్చుకున్నాడు. ఇంకే బండీ ఘాట్‌లో ఆగకూడదని పంతం. అతని శుభ్రం చూసి జీపుల వాళ్లు నవ్వుకుంటారు. డబ్బా డీజిలులో తుప్పూ ఆకులూ ఉంటాయని, గుడ్డతో వడగట్టందే చుక్క పోయడు. జీపు తోలే రోజుల నుంచీ అదే చాదస్తం.

బండిని ఘాట్ కిందికి దించి మళ్లీ ఎక్కించారు. నాలుగో మలుపులో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఆ దినం కూడా ఇక్కడే..." అన్నాడు అప్పారావు.

"నాకు తెలీదేటి? నోర్ముయ్."

ఫిల్టరు విప్పాడు. నీటి చుక్క లేదు. ఫిల్టరు పక్కనున్న చిన్న చేతిపంపు నొక్కాడు. డీజిలు రాలేదు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి నోటితో ఊదాడు. ముందు ఊపిరి వెళ్లలేదు. గట్టిగా ఊదితే లోపల బుడబుడమంది. పైపు బిగించి, చేతిపంపు కొట్టి చూస్తే ఇంజిను ఇట్టే అందుకుంది.

"లోన ఏటో తేలతా ఉంది. ఎత్తెక్కినప్పుడు ఇంజిను డీజిలు గట్టిగా లాగుతాది. అదెల్లి పైపు మూతికి అతుక్కుంటాది. బండాగితే జారిపోతాది. సదును రోడ్డు మీద ఎలాగ దొరుకుతాది?"

"మరి కిరసనాయిలు?"

సోంబరు వేళ్లు వాసన చూసుకున్నాడు. "నేదు" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ప్రాణం పోయినంత పనైంది. అందుకే వెంటనే విరుచుకుపడ్డాడు. "డీజిలు సూసుకోకుండా కొండెక్కినావు కదా! మా ఊళ్లో డబ్బాడు పోస్తే గాని నీ బండి కదల్నేదు. అది తప్పు కాదేటి?"

"అంతకుముందే ఇద్దరు రోగుల్ని దింపొచ్చినాను. ఆ డబ్బా ఎవులు పోసినారో కూడా సూణ్ణేదు. నీ ఆడమనిసిని స్ట్రెచర్ మీద ఎక్కిత్తన్నాను."

షెడ్డులో ట్యాంకు దించారు. ఇంటిబండి చేసినప్పుడు దానికి అడ్డంగా నీళ్ల తొట్టి బిగించారు. ఆ బాధ పడలేక ఇన్నాళ్లూ ఎవరూ దాని జోలికి పోలేదు. సోంబరు డీజిలు వంపేసి, తీగను కొక్కెంలా వంచి లోపలికి దించి కెలికాడు. మెత్తగా ఏదో తగిలింది. లాగాడు.

గుడ్డ పేలిక. నల్లగా, జిడ్డుగా ఉంది.

అప్పారావు నేల మీద చతికిలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే తిట్టాడు. "డీజిలు పోస్తా జారిడిసేసినాడు, ఏ ఎదవోగాని! ఇద్దరి ఉసురు తీసినాడు. ఆడి సెయ్యి పడిపోను! సూడు సోంబరూ, నాను కాదు గదా?"

సోంబరు పేలికను పెట్రోలులో జాడించాడు. మళ్లీ జాడించాడు. నలుపు కొంచెం కొంచెంగా వదిలింది. పసుపు రంగు, దానికి ఎర్రంచు బయటపడ్డాయి.

"ఏటలాగ అయిపోనావు? ఎవులిదో ఆనమాలు దొరికిందేటి?" అప్పారావు కళ్లు తుడుచుకుని దగ్గరికొచ్చాడు.

"కొత్త సీర, సింపకు" అని కనక నొప్పుల్లోనూ బతిమాలుతున్నా వినకుండా, ఆ ఎర్రంచు కొంగు సర్రున చింపి, డబ్బా డీజిలు వడగట్టడానికి అంబులెన్సు ట్యాంకు మూతికి అడ్డం పెట్టింది సోంబరే.