మెట్ల మీద మూడు గంటలు

దుప్పటి ఒక కొస అమ్మ పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను. సగం మడతలో ఉండగా ఫోన్ మోగింది. మెసేజ్ చూసి కొస వదిలేశాను.

"అమ్మా, పీజీ సీటొచ్చింది! ఎవరో మానుకున్నారట. ఇవాళ పదింటికే క్లాసు!"

గడ్డం గీసుకుంటున్న నాన్న అద్దంలోంచే అరిచాడు. "ఆన్‌లైన్ డిగ్రీకి సీటెవడిస్తాడన్నాడు మా బస్సు కండక్టరు!"

"ఇచ్చారు నాన్నా!"

"పదింటికా? మరింకా నిలబడ్డారేం, పదండి బయటికి!" అంది నాయనమ్మ.

అంతే. నాయనమ్మ స్టూలు చంకన పెట్టుకుంది. నాన్న నురగ మొహంతోనే చెప్పులు వెతుక్కున్నాడు. విజిలొస్తుందని అమ్మ కుక్కరు కింద స్టవ్ కట్టేసింది. మూడేళ్లుగా ఫోన్లో రాసిన నా ప్రతి పరీక్షకీ ఇదే తంతు. కెమెరాకి ఇంకో మనిషి కనబడినా, వినబడినా పరీక్ష రద్దు. మాదేమో ఒకటే గది. అందుకని ముగ్గురూ నోరు మెదపకుండా వెళ్లి, మూడేసి గంటలు మెట్ల మీద కూర్చునేవారు.

"ఆగండి! ఇది ఫోన్లో కాదు. నేనే కాలేజీకి వెళ్లాలి."

ముగ్గురూ గుమ్మంలోనే ఆగిపోయారు.

"మరి మేమెక్కడికి పోవాలే?" అంది నాయనమ్మ.

"ఎక్కడికీ వద్దు. ఇంట్లోనే ఉండండి."

నాన్న అనుమానంగా చూశాడు. "దగ్గొచ్చా?"

"హాయిగా దగ్గు నాన్నా!"

నాన్న ఇల్లదిరేలా దగ్గాడు. నాయనమ్మ స్టూలు దించి పాటందుకుంది. అమ్మ పడీ పడీ నవ్వుతూ దుప్పట్లో మొహం దాచుకుంది.

వాళ్ల సందడికి అడ్డు రాకుండా సంచీ తగిలించుకున్నాను. మూడేళ్లూ వాళ్లు వెళ్లినట్టే, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా మెట్లు దిగాను.